మనుష్యుల మెప్పు: నాంపల్లిలో నేను తప్పిపోయిన చోటు



పోయిన నెల ప్రభు బల్ల ఆదివారం నాడు బల్ల ముందు నిలబడి నేను ఒక తప్పు ఒప్పుకున్నాను. ఆ రోజు మందిరంలో ఉన్నవాళ్ళు విన్నారు. పనికోసం హైదరాబాద్, పుణె, బొంబాయి వెళ్ళిన మన పిల్లలు మాత్రం ఒకరి నోట ఒకరు విని, "అయ్యగారూ, ఏమైంది? ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు" అని ఫోన్లు చేస్తున్నారు. ఒకరైతే నేను రేకుల డబ్బు వాడుకున్నానని విన్నారట. కాదు తల్లీ, డబ్బు సంగతి కాదు. అయితే అది డబ్బు కంటే చిన్న తప్పని కూడా నేను అనను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మన మందిరం సంగతి మీకు తెలుసు. ఎండాకాలంలో పడ్డ రాళ్ళవానకు పదకొండు రేకులు పగిలాయి. వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి వానాకాలం గడిపాం. స్త్రీలు కూర్చునే వైపు నీళ్ళు కారితే చాపలు చుట్టి పక్కన పెట్టి, నిలబడే పాటలు పాడారు. అలాంటి రోజుల్లో అబిడ్స్ దగ్గరున్న ఒక పెద్ద సంఘం నుంచి నాకు కబురొచ్చింది. ఆదివారం ఆరాధనలో ఐదు నిమిషాలు గ్రామ పరిచర్య గురించి చెప్పండి, మావాళ్ళు రేకులకు సాయం చేస్తారు అన్నారు. పిలిచినవారు మంచివారు. ఈ కథలో వాళ్ళ తప్పు రవ్వంత కూడా లేదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే పట్నం సంఘాలను తిట్టే అవకాశం దొరికితే మన పల్లె పాస్టర్లం వదిలిపెట్టం.

ఆ ఆదివారం మన ఆరాధన సంఘపెద్దకు అప్పగించి తెల్లవారుజామున బండెక్కాను. ముందు రోజు రాత్రి చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించాను. మా బావమరిది బూట్లు అడిగి తెచ్చుకున్నాను, అవి కాస్త బిగుతు. ఐదు నిమిషాల మాటలు పదిసార్లు అప్పజెప్పుకున్నాను. ఇక్కడి ప్రసంగానికి నేను అంత సిద్ధపడిన వారం ఈ మధ్య ఒక్కటి కూడా లేదు. ఈ మాట ఆ రోజు నాకు తట్టలేదు, తర్వాత తట్టింది.

మన వికారాబాద్ వైపు నుంచి వెళ్ళే బండ్లు కొన్ని నాంపల్లిలోనే ఆగిపోతాయి. బోర్డు మీద హైదరాబాద్ అని ఉంటుంది, జనం నోట మాత్రం అది నాంపల్లే. పట్టాలు అక్కడితో ఆఖరు. నన్ను తీసుకెళ్ళే పెద్దాయన రావడానికి ఇంకా గంట టైముంది. ఊరికే నిలబడడం ఎందుకని పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిచాను. చెట్ల మధ్య తెల్లగా అసెంబ్లీ పాత భవనం కనబడింది. దాని కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు నలభై ఏళ్ళు నిండాయని నగరవాసులు చందాలు వేసుకుని టౌన్ హాలుగా కట్టించిన భవనం అది. 1905లో పునాది పడింది, 1913లో పూర్తయింది. ఆయన 1911లోనే కన్నుమూశాడు. ఎవరి మెప్పు కోసం కట్టారో ఆయన దాన్ని పూర్తిగా చూడనే లేదు. ఇది బాగుందే, ప్రసంగంలో వాడుకోవచ్చు అనుకుని ఫోన్‌లో రాసుకున్నాను. మనుష్యుల మెప్పు ఎంత వ్యర్థమో చెప్పడానికి దృష్టాంతం దొరికిందని నాకు భలే సంతోషం. అరగంట కూడా గడవకముందే నేనేం చేశానో ఇప్పుడు వినండి.

తిరిగి స్టేషన్ ముందుకు వచ్చేసరికి పెద్దాయన కారు దిగుతున్నారు. రిటైరైన ఆఫీసరు, నెమ్మదస్తులు. చేయి కలిపారు, నా సంచి తానే అందుకోబోయారు. ఇద్దరం కారు వైపు నడుస్తుంటే రోడ్డు అవతల హోటల్లోంచి "అయ్యగారూ! అయ్యగారూ!" అని కేక. తలతిప్పి చూశాను. మన సంఘం పిల్లవాడు. చేతులు మోచేతుల దాకా తడి, బనీను మీద టీ మరకలు, భుజం మీద తుండుగుడ్డ. హోటల్లో గ్లాసులు కడుగుతున్నాడు. ట్రాఫిక్ మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి, తడిచేతులు బనీనుకు తుడుచుకుని, "వందనాలు అయ్యగారూ, ఎప్పుడొచ్చిన్రు? చాయ్ తాగి పోండ్రి" అన్నాడు.

వాడికి బాప్తిస్మం ఇచ్చింది నేను. చెరువులో నా చేతుల మీదుగా మునిగి లేచినవాడు. వాడి తల్లి ఒంటరి మనిషి, మీ అందరికీ తెలుసు. రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం ప్రభువుకని పక్కన తీసి, ఆదివారం సంచిలో తెచ్చి బల్ల దగ్గర పెడుతుంది. ఆ బియ్యం మా ఇంట్లోనే వండుకుంటాం. అంటే ఆ పిల్లవాడి ఇంటి అన్నం తిని నేను ఆ బండెక్కాను.

"ఆఁ, ఆఁ, మంచిగున్నవా? మళ్ళీ వస్త, టైమైంది" అన్నాను. అని కారు తలుపు మీద చెయ్యి వేశాను. పెద్దాయన వాణ్ణి చూసి నవ్వి, "ఎవరండీ, మీ సంఘమా?" అని అడిగారు. మామూలుగానే అడిగారు, మీ సంఘం పిల్లవాడా అని ఆప్యాయంగా. నేనన్న మాట ఇది: "మా ఊరివైపు పిల్లోడండీ."

ఇంతే జరిగింది. వినడానికి ఎంత చిన్నది! అబద్ధం కూడా కాదు. వాడు మా ఊరివైపు పిల్లవాడే. వాడికి ఆ మాట వినబడింది. ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది, మళ్ళీ నవ్వాడు, "సరే అయ్యగారూ" అని వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడ కోడి ఏమీ కూయలేదు. ఆటోల హారన్లే.

ఎందుకలా అన్నాను? నేను చెప్పబోయే ఐదు నిమిషాల్లో మన యువకులు చదువుకుంటున్నారు, ఉద్యోగాలకు వెళ్తున్నారు, సంఘం ఎదుగుతోంది అని ఉంది. అవి నిజాలే. కానీ ఆ చిత్రంలో టీ మరకల బనీను లేదు. గ్లాసులు కడిగే పిల్లవాడు మా సంఘమని చెబితే ఆ పెద్దాయన కళ్ళలో నేను చిన్నబోతానని భయపడ్డాను. ఆయన కళ్ళలో ఏముందో నాకేం తెలుసు? ఆయన ఏమీ అనుకునేవారు కాదు. వాణ్ణి పిలిచి ముగ్గురం కలిసి చాయ్ తాగేవాళ్ళమేమో. మనుష్యుల భయం గురించి నాకు ఇప్పుడర్థమైనది ఇది: ఎదుటి మనిషి నిజంగా ఏమనుకుంటాడో దానికి భయపడేది తక్కువ, అనుకుంటాడని మనం ఊహించుకున్న దానికి భయపడేది ఎక్కువ. సామెతలు 29:25లో మనుష్యుల భయాన్ని ఉరితో పోల్చిన మాట నేను ఎన్నోసార్లు చెప్పినవాణ్ణే. ఈ ఉరిని మాత్రం నేనే అల్లి నేనే మెడ దూర్చాను.

గలతీ పత్రిక మొదటి అధ్యాయం పదో వచనం మనకు బాగా అలవాటు. నేనిప్పుడు మనుష్యులను మెప్పిస్తున్నానా, దేవుణ్ణా అని పౌలు అడిగే చోటు. ఈ వచనం చెప్పేటప్పుడు పాస్టర్ల గొంతు పెరుగుతుంది. నాదీ పెరుగుతుంది. ఎవరికీ భయపడను, ఎవరినీ లెక్కచేయను అని గుండె చరుచుకోవడానికి వాడుకుంటాం. కానీ పేజీ తిప్పండి. అదే పత్రిక రెండో అధ్యాయం పదకొండో వచనం నుంచి పౌలు ఒక భోజనం బల్ల కథ చెబుతాడు. అంతియొకయలో పేతురు అన్యజనులలోంచి వచ్చిన విశ్వాసులతో కలిసి కూర్చుని తింటున్నాడు. యెరూషలేము నుంచి, యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. వాళ్ళు రాగానే పేతురు మెల్లగా వెనక్కి తగ్గాడు. వేరే బల్ల చూసుకున్నాడు.

పేతురుకు తెలియక కాదు. యొప్పేలో మిద్దె మీద దర్శనం చూసినవాడు, కొర్నేలీ ఇంట్లో అడుగుపెట్టినవాడు. సిద్ధాంతం అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. ఏ దేవుడి మెప్పు కావాలో కూడా తెలుసు. కానీ ఆ నలుగురు గుమ్మంలోకి వచ్చిన క్షణాన వాళ్ళ కళ్ళే పెద్దవైపోయాయి. మిగతా యూదులు ఆయన వెంట నడిచారు, చివరికి బర్నబా కూడా. పెద్దవాడు లేస్తే పది మంది లేస్తారు. అన్యజనుల విశ్వాసులు మాత్రం సగం తిన్న పళ్ళాల ముందు మిగిలిపోయి ఉంటారు. వాళ్ళ గురించి పౌలు విడిగా ఏమీ రాయలేదు గానీ, నాంపల్లి తర్వాత నా మనసు పేతురు కంటే వాళ్ళ దగ్గరే ఆగుతోంది.

మనుష్యుల మెప్పు అంటే చప్పట్లు, శాలువాలు, స్టేజీ మీద కుర్చీ అని మనం అనుకుంటాం. వాటిని కోరడం తప్పే, మత్తయి ఆరో అధ్యాయం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. బియ్యం బస్తా ఇస్తూ ఆరుగురు ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టే పని మన దగ్గర కూడా జరిగింది, నేనూ ఆ ఫోటోలో ఉన్నాను. కానీ పౌలు చూపించే గుర్తు ఇంకొకటి. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నీ పక్కనున్న చిన్నవాణ్ణి ఏం చేశావు? దాన్నిబట్టి తెలుస్తుంది నువ్వు ఎవరి మెప్పు కోసం బతుకుతున్నావో.

మన ఊళ్ళలో ఈ మాటకు ఇంకా పదును ఎక్కువ. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టిన రోజులు మన పెద్దలు చూశారు, కొందరు ఇంకా బతికే ఉన్నారు. ఆ అవమానం తెలిసినవాళ్ళం. అయినా బాప్తిస్మం తీసుకున్నాక కూడా "ఏ వాడ వాళ్ళు?" అని అడిగి గాని సంబంధం కలుపుకోము. పై ఊరి పాస్టర్ వస్తే ఎవరింట్లో భోజనం పెట్టాలో ముందు సంఘపెద్దలు గుసగుసలాడతారు. ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నె, ఊరి పెళ్ళి పందిట్లో వేరే వరుస. ఇది నేను ఇంతకుముందు గట్టిగా మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మళ్ళీ ఆ ఆదివారానికి వస్తాను. నా ఐదు నిమిషాలు బాగా జరిగాయి. ఆమెన్ అన్నారు. ఆరాధన తర్వాత చాలామంది వచ్చి చేతులు పట్టుకున్నారు. రేకుల సంగతి కమిటీలో పెడతామని మాటిచ్చారు. కడుపునిండా భోజనం పెట్టారు. సాయంత్రం బండికి చాలా టైముందని, నన్ను దింపుతామన్నా వద్దని, అబిడ్స్‌లో నడుచుకుంటూ బయల్దేరాను.

ఆదివారం అబిడ్స్ చూసినవారికి తెలుసు. దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఇంజనీరింగు పుస్తకాలు, నవలలు, కొన్నిచోట్ల వ్యాఖ్యాన గ్రంథాలు కూడా. పాస్టర్లకు ఆ సంత దేవుడు పెట్టిన పరీక్ష, ఎందుకంటే అది జరిగేది ఆదివారమే, మనం కదలలేనిది ఆదివారమే. ఆ చోటికి అబిడ్స్ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? అసెంబ్లీ భవనం ఎవరి పుట్టినరోజుకు కట్టారో, ఆ నిజాం దగ్గరే కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ మూలాలున్న ఆయన పేరు అది. నిజాంకు సొంత సేవకుడు. రాజుగారి దయ ఉంది గనుక ఇక్కడ దుకాణం పెట్టాడు, దుకాణం పేరే పేటకు వచ్చింది. రాజు మెప్పు సంపాదించినవాడికి దక్కగలిగినంత దక్కింది. ఇవాళ బస్సు కండక్టర్లు రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు కేకేస్తారో! అది ఒక మనిషి పేరని కూడా చాలామందికి తెలియదు.

పొద్దున్నైతే దీన్ని కూడా ఫోన్‌లో రాసుకునేవాణ్ణి. అప్పటికి మనసు బాగాలేదు. బూట్లు కరుస్తున్నాయి. ఊరికే వంగి పుస్తకాలు తిరగేస్తుంటే భక్త సింగ్ గారి సాక్ష్యం ఉన్న పాత తెలుగు చిన్న పుస్తకం కనబడింది, అట్ట చిరిగింది. ముప్పై రూపాయలు. కొనుక్కుని బండిలో చదివాను. ఇదివరకు చదివిందే, కానీ ఆ రోజు వేరుగా చదివాను.

మన తాతల కాలం నుంచి ఆయన పేరు విననివాళ్ళు లేరు. గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను, అక్కడి పరిశుద్ధ సభలు, అవన్నీ తెలిసినవే. పంజాబులోని జోయియా అనే పల్లెలో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో ఇచ్చిన బైబిల్ చింపేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం ఉంచుకున్నారట. 1926లో చదువుకు ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ నలుగురిలో కలిసిపోవాలని జుట్టు, గడ్డం తీసేశారు, వాళ్ళలా బట్టలు, వాళ్ళలా అలవాట్లు. తరువాత ఏమీ దాచకుండా ఆయనే చెప్పుకున్న సంగతులివి.

1928లో కెనడా వెళ్తున్న ఓడలో క్రైస్తవ ఆరాధన జరుగుతుంటే వెళ్ళి కూర్చున్నారు. అందరూ మోకరించారు. ఈయనకు మోకరించడం ఇష్టం లేదు, అహం అడ్డొచ్చింది. లేచి పోదామంటే మర్యాద కాదు. ఇతర మతాల స్థలాలకు వెళ్ళినప్పుడు మర్యాద పాటించాను కదా, ఇక్కడా పాటిద్దాం అని మోకాళ్ళు వంచారు. ఆ మోకాళ్ళ మీదే ఆయనలో మార్పు మొదలైంది. ఇక్కడ నేను ఆగిపోయాను. మర్యాద కోసం, అంటే సగం మనుష్యుల కోసం వంగిన మోకాలిని కూడా ప్రభువు పట్టుకున్నాడు. మన కారణాలు శుభ్రమయ్యేదాకా ఆయన ఆగి కూర్చోడు. లేకపోతే నాలాంటివాడికి ఆశ ఏముంది?

1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదివి ప్రభువును అంగీకరించారు, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. 1933లో బొంబాయి రేవులో దిగారు. అసలు పరీక్ష అక్కడే. తల్లిదండ్రులు ఎదురొచ్చారు. ఆయన విశ్వాసం సంగతి ఉత్తరం ద్వారా వాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగారు: కుటుంబ పరువు కోసం ఈ సంగతి బయటికి చెప్పకు. మనసులో ఏదైనా నమ్ముకో, పేరు మాత్రం ఎత్తకు. ఎంత మెత్తని కోరిక! ఏడేళ్ళ తర్వాత కనబడ్డ అమ్మానాన్న అడిగిన కోరిక. ఆయన కుదరదన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు, ఆయన బొంబాయిలో ఒంటరిగా మిగిలారు. ఆ వీధుల్లోనే సువార్త చెప్పడం మొదలుపెట్టారు.

ఆయనను అడిగింది నన్ను ఎవరూ అడగలేదు. ప్రభువు పేరు దాచమని నాంపల్లిలో నన్నెవరూ బతిమాలలేదు. ప్రభువు పేరు నేను దాచలేదు కూడా, గంట తర్వాత మైకు పట్టుకుని గట్టిగా చెప్పాను. నేను దాచింది ప్రభువు బిడ్డ పేరు. ఈ ఇద్దరినీ వేరుచేయవచ్చని అనుకునేవారు మత్తయి 25లో గొర్రెలు, మేకల భాగం మళ్ళీ చదవండి.

భక్త సింగ్ గారు 2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లోనే ప్రభువు సన్నిధికి వెళ్ళారు. చివరి ఏళ్ళు మంచం మీదే గడిచాయి. నారాయణగూడ శ్మశానవాటికకు ఆయన వెంట నడిచిన జనాన్ని చూసినవారు ఇప్పటికీ చెబుతారు. ప్రసంగాలలో ఈ మాట తెస్తాం: చూశారా, మనుష్యుల మెప్పు వదులుకున్నవాణ్ణి దేవుడు ఎంత ఘనపరిచాడో అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఆ రోజు పది మందే వచ్చి ఉంటే? బొంబాయి రేవులో ఆయన చెప్పిన మాట విలువ తగ్గేదా? చివర్లో జనం వస్తారు గనుక ఇప్పుడు జనాన్ని వదులుకోండి అని చెబితే, మనుష్యుల మెప్పునే కాస్త ఆలస్యంగా, వడ్డీతో అడుగుతున్నట్టు కదా.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే తప్పు. "నాకు దేవుడొక్కడు చూస్తే చాలు, మనుష్యులతో పనిలేదు" అనేవాళ్ళను చూస్తే నాకు భయం. ఆ మాట ఎక్కువగా కానుకల లెక్క అడిగినప్పుడే వినబడుతుంది. పౌలు అలా అనలేదు. యెరూషలేము పేదలకోసం పోగైన డబ్బు తీసుకెళ్ళేటప్పుడు తనతోపాటు సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడా నిజాయితీగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు, రెండో కొరింథీ 8:21 చూడండి. అందుకే మన రేకుల లెక్క గోడకు అతికించాను. ఎవరి నోటికీ భయపడి కాదు. మీరు చూడాలి గనుక.

భార్య చెప్పిన మంచిమాట వినకుండా, సంఘపెద్ద హెచ్చరిక వినకుండా, "నేను మనుష్యులను సంతోషపెట్టేవాణ్ణి కాదు" అనడం కూడా ఆత్మీయత కాదు, మొండితనం. సౌలు సంగతి తెలుసు కదా. జనానికి భయపడి పాపం చేశానని సమూయేలు ముందు ఒప్పుకున్నాడు. మంచిదే. కానీ ఆరు వచనాలు దాటకముందే పెద్దలయెదుట నా పరువు నిలబెట్టు అని బతిమాలాడు. ఒప్పుకోలు కూడా పరువు కోసమే అయిపోయింది. ఇది రాస్తున్నప్పుడు నన్ను నేను అడుగుతున్నాను: పాస్టర్ గారు ఎంత నిజాయితీపరుడో అని మీరు అనుకోవాలనా ఇదంతా? కాస్త ఆ కోరిక ఉందనే అనిపిస్తోంది. ఉన్నా రాస్తున్నాను.

మూడు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. ఒక బుధవారం ఎవరికీ చెప్పకుండా బండెక్కి నాంపల్లిలో దిగాను. ఈసారి నా చెప్పులే. హోటల్ ముందు నిలబడితే వాడే చూశాడు. ముందు చాయ్ తెచ్చిపెట్టాడు. రద్దీ తగ్గాక వెనక గ్లాసుల తొట్టి దగ్గర కూర్చున్నాం. "ఆ రోజు నిన్ను మా సంఘ బిడ్డ అని చెప్పలేదు, సిగ్గుపడ్డాను, నన్ను క్షమించు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనేమనుకోలే అయ్యగారూ" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "అనుకున్న" అన్నాడు.

తర్వాత వాడు చెప్పింది విని నాకు నోటమాట రాలేదు. తల్లికి లాడ్జిలో సూపర్‌వైజర్ అని చెప్పాడట. ఊళ్ళో స్నేహితులకూ అదే. ఎవరైనా మనవాళ్ళు నాంపల్లిలో దిగుతున్నారని తెలిస్తే ఆ రోజు వంటగదిలోంచి బయటికి రాడట. "మిమ్మల్ని చూసినప్పుడు మాత్రం ఆగలేకపోయిన అయ్యగారూ. మీరు కదా, మీకు చెప్తే ఏముంది అనుకున్న." అందరి దగ్గరా దాక్కున్న పిల్లవాడు నా ఒక్కడి ముందుకే ఆ మరకల బనీనుతో పరిగెత్తుకొచ్చాడు. నేను చేసింది అదీ.

ఇద్దరం అక్కడే తలలు వంచి ప్రార్థన చేశాం. తొట్టి పక్కన ఇంకో కుర్రాడు గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. ఈ సంగతులు రాయమని వాడే ఒప్పుకున్నాడు, పేరు వద్దన్నాడు. తల్లికి తానే ఫోన్ చేసి నిజం చెప్పాడు. ఆవిడ ఏమందో నాకు చెప్పలేదు. కానీ ఆ ఆదివారం బియ్యం సంచి ఎప్పటిలాగే బల్ల దగ్గరికి వచ్చింది.

పట్నం పెద్దాయనకూ ఫోన్ చేసి చెప్పాను. ఇది చాలా కష్టమైంది, రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. విన్నాక ఆయన, "అంత చిన్న విషయానికి ఎందుకండీ ఇంత బాధ" అన్నారు. కాసేపు మౌనం. తర్వాత, "ఆ హోటల్ ఎక్కడండీ సరిగ్గా?" అని అడిగారు. ఎందుకు అడిగారో నేను అడగలేదు. రేకుల సంగతి కమిటీలో ఇంకా తేలలేదు. పదకొండింటిలో నాలుగు మన చందాలతో వేశాం, మిగతావాటికి పట్టానే.

వచ్చే బుధవారం మళ్ళీ హైదరాబాద్ పని ఉంది. వాడికి చెప్పాను. పదింటి లోపల రండి అయ్యగారూ, ఆ తర్వాత గ్లాసులు కుప్ప పడ్తయి అన్నాడు.